రా ఫైలు పదిలం, వివరమే పరాధీనం

డిజిటల్ ఫొటోగ్రఫీలో మూతపడ్డ సాఫ్ట్‌వేర్లలో మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఆపిల్ 2005లో తెచ్చిన అపర్చర్‌ను ఇక కొనసాగించబోమని 2014 జూన్‌లో చెప్పేసింది. 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనాలో అది తెరుచుకోవడమే మానేసింది. గూగుల్ 2004లో కొనుక్కుని ఉచితంగా పంచిన పికాసాకు 2016 మార్చిలో స్వస్తి పలికింది. నికాన్ డబ్బు తీసుకుని అమ్మిన క్యాప్చర్ ఎన్‌ఎక్స్2 స్థానంలో 2014లో క్యాప్చర్ ఎన్‌ఎక్స్-డి వచ్చింది. పాతదాంట్లో కంట్రోల్ పాయింట్లతో చేసుకున్న సవరణలు కొత్తదాంట్లోకి రాలేదు. ఈ మూడు సందర్భాల్లోనూ ఫొటోలు ఎక్కడికీ పోలేదు. హార్డ్ డిస్కులో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పోయింది వాటిమీద మనుషులు ఏళ్ల తరబడి పెట్టిన శ్రమ: ముఖాల కింద రాసిన పేర్లు, ఏరి పెట్టుకున్న గుర్తులు, ఆల్బముల అమరిక, రంగులు దిద్దిన పని. రా ఫైళ్ల భద్రత అనగానే ఏ కంపెనీ ఫార్మాట్ ఎన్నాళ్లు బతుకుతుందన్న చర్చే ముందుకొస్తుంది. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఫొటో గురించి మనం చెప్పిన మాట ఎక్కడ నిలవ ఉంటోంది అన్నది. ఆ మాట ప్రోగ్రామ్ సొంత డేటాబేస్‌లో ఉన్నంతకాలం అది పరాధీనమే. దాన్ని ఫైలు పక్కనే, నలుగురూ చదవగల ప్రామాణిక గళ్లలో రాసుకుంటేనే సాఫ్ట్‌వేర్లు మారినా పని నిలుస్తుంది.

ముందు ఫార్మాట్ భయం సంగతి తేల్చుకుందాం. కెమెరా సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్క రంగునే కొలుస్తుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ వచ్చిన ఆ రంగుల జల్లెడే ఇవాళ్టి చాలా కెమెరాల్లో ఉంది. ఆ కొలతల్ని రంగు బొమ్మగా మార్చకుండా, 12 లేదా 14 బిట్లలో, ఉన్నదున్నట్టు దాచిందే రా ఫైలు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 14 బిట్ల రా ఫైల్లో 16,384 ఉంటాయి. పెళ్లిమండపంలో పసుపు బల్బుల కాంతినీ, పట్టుచీర జరీ మెరుపునూ తర్వాత తీరిగ్గా సర్దుకునే వీలు ఇక్కడినుంచే వస్తుంది. అయితే ఆ కొలతల్ని పేర్చే పద్ధతి కంపెనీకొకటి: క్యానన్‌కు సీఆర్2, సీఆర్3, నికాన్‌కు ఎన్‌ఈఎఫ్, సోనీకి ఏఆర్‌డబ్ల్యూ, ఫ్యూజీకి ఆర్‌ఏఎఫ్. వీటి లోపలి నిర్మాణాన్ని కంపెనీలు పూర్తిగా బయటపెట్టవు. 2005లో నికాన్ తన డీ2ఎక్స్ కెమెరాలో వైట్ బ్యాలెన్స్ వివరాన్ని సంకేతభాషలో దాచినప్పుడు ఫొటోషాప్ సృష్టికర్తల్లో ఒకరైన థామస్ నోల్ బహిరంగంగా అభ్యంతరం చెప్పాడు. ఫార్మాట్లను బయటపెట్టాలంటూ అదే ఏడాది ఓపెన్‌రా పేరుతో ఒక ఉద్యమమే నడిచింది.

అప్పట్లో ఆ భయం సబబే. కానీ ఇరవై ఏళ్ల తర్వాత లెక్క చూస్తే, భయపడ్డంత జరగలేదు. డేవ్ కాఫిన్ అనే ప్రోగ్రామర్ 1997లో మొదలుపెట్టిన డీసీరా వందల కెమెరాల ఫార్మాట్లను విప్పి, వాటిని చదివే పద్ధతిని అందరి ముందూ పెట్టింది. 2018 తర్వాత ఆయన కొత్త వెర్షన్ విడుదల చేయకపోయినా, ఆ పునాదిమీద లేచిన లిబ్‌రా ఇంకా నడుస్తోంది. ఇరవై ఏళ్లనాటి ఎన్‌ఈఎఫ్‌ను ఈరోజు తెరవడం కష్టం కాదు. నిజానికి చిక్కు ఎదురు దిక్కునుంచి వస్తోంది. పాత ఫైలును కొత్త సాఫ్ట్‌వేర్ తెరుస్తోంది, కొత్త కెమెరా ఫైలునే పాత సాఫ్ట్‌వేర్ తెరవలేకపోతోంది. ఒకసారి డబ్బు కట్టి సొంతం చేసుకోగలిగిన ఆఖరి అడోబీ లైట్‌రూమ్, ఆరో వెర్షన్, 2017 డిసెంబరు అప్‌డేట్‌తో ఆగిపోయింది. 2018లో క్యానన్ ఎం50తో వచ్చిన సీఆర్3 దానికి అర్థం కాదు. అడోబీ ఉచితంగా ఇచ్చే కన్వర్టర్‌తో డీఎన్‌జీ అనే బహిరంగ రా ఫార్మాట్‌లోకి మార్చి ఇస్తేనే తెరుస్తుంది. ఇది ఇబ్బందే, కానీ దారి ఉన్న ఇబ్బంది. మనం రాసిన వివరానికి అలాంటి దారి లేని సందర్భాలే ఎక్కువ.

ఆ వివరం ఎక్కడెక్కడ ఉంటుందో తెలియాలంటే మూడు తరాల సంగతి చూడాలి. మొదటిది ఎక్సిఫ్. జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ 1995లో ఏర్పరచుకున్న పద్ధతి ఇది. షట్టర్ వేగం, లెన్స్, తేదీ, సమయం వంటి కెమెరాకు తెలిసిన విషయాలు ఇందులోకి వెళ్తాయి. రెండోది ఐపీటీసీ. వార్తాసంస్థలు వార్తనూ ఫొటోనూ తీగమీద పంపుకునే రోజుల్లో పెట్టుకున్న గళ్లు ఇవి: శీర్షిక, క్యాప్షన్, ఊరు, ఫొటోగ్రాఫర్ పేరు, కీవర్డులు. మూడోది 2001లో అడోబీ తెచ్చిన ఎక్స్‌ఎంపీ. 2012లో ఇది ఐఎస్‌ఓ ప్రమాణమైంది. పాత ఐపీటీసీ గళ్లు కూడా తర్వాత దీంట్లోకి మారాయి. కాబట్టి ఒక ఫొటో క్యాప్షన్ ఒకే ఫైల్లో మూడు చోట్ల ఉండగలదు, మూడు చోట్లా మూడు రకాలుగా కూడా ఉండగలదు. ఒక ప్రోగ్రామ్ ఎక్స్‌ఎంపీలో దిద్ది ఐపీటీసీని వదిలేస్తుంది. ఇంకో ప్రోగ్రామ్ ఐపీటీసీనే చదువుతుంది. దిద్దిన తప్పు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఈ గందరగోళాన్ని సర్దడానికి అడోబీ, ఆపిల్, క్యానన్, మైక్రోసాఫ్ట్, నోకియా, సోనీ కలిసి ఒక బృందంగా ఏర్పడి, ఏ గడికి ఎప్పుడు ప్రాధాన్యమివ్వాలో 2008లో మార్గదర్శకాలు ప్రకటించాయి. పాటించినవాళ్లు పాటించారు. పాటించని వాళ్లను అడిగే నాథుడు లేడు.

తెలుగులో వివరం రాసుకునేవారికి ఈ తరాల తేడా కాగితంమీది విషయం కాదు. ఐపీటీసీ పాత పద్ధతిలో ఊరి పేరు గడికి 32 బైట్లే హద్దు, ఫొటోగ్రాఫర్ పేరుకూ అంతే, ఒక్కో కీవర్డ్‌కు 64. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. తెలుగులో యూనికోడ్ లెక్కన హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, వత్తు కలపడానికి పొల్లు ఒకటి, సున్నా ఒకటి, దేనికదే విడి సంకేతం. యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. ‘విశాఖపట్నం’ పది సంకేతాలు, 30 బైట్లు, తృటిలో గట్టెక్కుతుంది. ‘రాజమహేంద్రవరం’ పదమూడు సంకేతాలు, 39 బైట్లు. హద్దును ఖచ్చితంగా పాటించే ప్రోగ్రామ్ చేతిలో పడితే పది సంకేతాల దగ్గర, అంటే ‘రాజమహేంద్ర’ దగ్గరే తెగిపోతుంది. మిగిలిన రెండు బైట్లలో ‘వ’ అక్షరం మూడింట రెండు వంతులు ఇరుక్కుని ప్రశ్నార్థకంగానో ఖాళీ గడిగానో కనిపించినా ఆశ్చర్యం లేదు. ఇంటిపేరుతో సహా పూర్తిపేరు రాసుకునే ఫొటోగ్రాఫర్ గతీ ఇంతే. పైగా, అందులో రాసింది యూటీఎఫ్-8 అని చెప్పే చిన్న సంకేతం ఫైల్లో లేకపోతే, చదివే ప్రోగ్రామ్ దాన్ని పడమటి యూరప్ లిపిగా భావించి నెత్తిన గీతలున్న లాటిన్ అక్షరాలూ డిగ్రీ గుర్తులూ చూపిస్తుంది. ఎక్సిఫ్ ఇంకా వెనకబడింది. దాని మామూలు రాత గళ్లు ఆస్కీకే పరిమితం. యూటీఎఫ్-8కి చోటు దొరికింది 2023లో వచ్చిన 3.0 వెర్షన్‌తోనే. ఎక్స్‌ఎంపీ ఒక్కటే పుట్టుకతో యూనికోడ్. దానికి ఈ 32 బైట్ల హద్దూ లేదు. తెలుగు క్యాప్షన్‌కు నమ్మదగిన చోటు అదే.

ఇక్కడే ఇంకో రెండు మాటలు చెప్పాలి. మన డీటీపీ కేంద్రాల్లో, స్టూడియోల్లో అను ఫాంట్ల వాడకం ఇంకా బలంగా ఉంది. ఆ ఫాంట్లలో టైపు చేసిన మాటను మెటాడేటా గడిలో అతికిస్తే పడేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల మూట. ఆ ఫాంటు తగిలించి చూపే సౌకర్యం మెటాడేటా గడికి ఉండదు, వెతికితే దొరకదు. యూనికోడ్‌లో రాయడం తప్ప మార్గం లేదు. రెండోది ఫైలు పేర్ల గురించి. తెలుగులో ఫోల్డరుకు ‘హైదరాబాద్’ అని పేరు పెడితే, పాత మ్యాక్ డిస్కు పద్ధతి అందులోని ఐత్వాన్ని రెండు సంకేతాలుగా విడదీసి దాచుకునేది. కంటికి అదే పేరు, లోపల వేరే బైట్లు. అది లైనక్స్ సర్వరుకో, ఇంకో డిస్కుకో చేరాక పాత క్యాటలాగ్ ఆ ఫోల్డరును గుర్తుపట్టకపోవచ్చు. అందుకే ఫైలు పేరులో తేదీ, వరుస సంఖ్య లాంటి సాదా అంకెలుంచి, తెలుగు మాటనంతా ఎక్స్‌ఎంపీకి అప్పగించడం క్షేమం.

రా ఫైలు విషయంలో ఎక్స్‌ఎంపీని ఎక్కడ రాయాలన్నది తర్వాతి ప్రశ్న. జేపెగ్‌లో అయితే నేరుగా లోపలే రాస్తారు. రా ఫైలు లోపల కంపెనీలు తమ గుట్టు విషయాల్ని మేకర్‌నోట్ అనే చోట పెడతాయి. వాటిలో కొన్ని ‘ఫైలు మొదలునుంచి ఇన్ని బైట్ల దూరంలో’ అన్న చిరునామాలతో నడుస్తాయి. తెలియని ప్రోగ్రామ్ మధ్యలో నాలుగు మాటలు దూరిస్తే చిరునామాలన్నీ జరుగుతాయి. అందుకే మంచి సాఫ్ట్‌వేర్లు రా ఫైలును ముట్టకుండా పక్కన ఎక్స్‌ఎంపీ వివరం రాసిన చీటీలాంటి చిన్న సైడ్‌కార్ ఫైలు పెడతాయి. రా ఫైలు మారకుండా ఉండటానికి ఇంకో విలువ కూడా ఉంది. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ తుది దశలో కెమెరానుంచి వచ్చిన అసలు ఫైళ్లను తెప్పించుకుని సరిచూస్తుంది. అయితే సైడ్‌కార్ పేరు పెట్టడంలోనే తగువు మొదలు. అడోబీ కొసను మార్చి ‘డీఎస్‌సీ_0123.ఎక్స్‌ఎంపీ’ అంటుంది. డార్క్‌టేబుల్, డిజికామ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లు మూల పేరును పూర్తిగా ఉంచి ‘డీఎస్‌సీ_0123.ఎన్‌ఈఎఫ్.ఎక్స్‌ఎంపీ’ అంటాయి. రా, జేపెగ్ రెండూ తీసే కెమెరా విషయంలో రెండో పద్ధతే తెలివైనది. ఏ చీటీ ఏ ఫైలుదో తికమక ఉండదు. కానీ ఎక్కువమంది వాడేది మొదటిది. డిజికామ్‌లో అడోబీ పద్ధతి పేర్లకు మారే వీలుంది. ఇక క్యాప్చర్ వన్ తన సవరణల్ని సొంత ఉపఫోల్డరులో, డీఎక్స్‌ఓ ఫొటోల్యాబ్ ‘.డాప్’ ఫైల్లో, రాథెరపీ ‘.పీపీ3’ ఫైల్లో దాస్తాయి. ఒకే ఫోల్డరును నాలుగు ప్రోగ్రామ్‌లతో తెరిచి చూసినవారికి, ఒక్కో రా ఫైలు చుట్టూ చేరే ఈ పరివారం పరిచయమే.

ఒక ఎక్స్‌ఎంపీ సైడ్‌కార్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడటం ఎవరికైనా మంచి పాఠం. లైట్‌రూమ్ రాసినదైతే పైన రేటింగ్ అంకె, రంగు లేబుల్ పేరు కనిపిస్తాయి. కింద కీవర్డులు రెండుసార్లు ఉంటాయి. ఒక జాబితాలో ‘వరంగల్’, ‘వేయిస్తంభాల గుడి’ అని విడివిడిగా, ఇంకో జాబితాలో ‘తెలంగాణ’ నుంచి గుడిదాకా నిలువు గీతలతో కలిపిన వరుసగా. మొదటి జాబితా డబ్లిన్ కోర్ అనే సార్వత్రిక గడి, ఎవరైనా చదువుతారు. రెండోది అడోబీ సొంతం. ఇదే వరుసను డిజికామ్ తన సొంత గడిలో ఏటవాలు గీతలతో రాస్తుంది, మైక్రోసాఫ్ట్ ఇంకో గడిలో. చెట్టులా అల్లిన కీవర్డులు ఒక ప్రోగ్రామ్ దాటగానే విడి ఆకులైపోయేది ఇందుకే. నక్షత్రాల రేటింగు కొంత నయం. సున్నానుంచి అయిదుదాకా అందరికీ ఒకటే అర్థం, తిరస్కరించినదానికి మైనస్ ఒకటి. మైక్రోసాఫ్ట్ మాత్రం సొంత గడిలో అయిదు నక్షత్రాలకు 99 అని రాసే అలవాటు పెట్టుకుంది. రంగు లేబుల్ అన్నిటికంటే బలహీనం, ఎందుకంటే ఫైల్లో ఉండేది రంగు కాదు, ఇంగ్లీషు మాట. అడోబీ బ్రిడ్జ్ ఎర్ర లేబుల్‌కు ‘సెలెక్ట్’ అని రాస్తుంది. లైట్‌రూమ్ ‘రెడ్’ అన్న మాట కోసం చూస్తుంది. కనబడక తెల్ల లేబుల్ చూపిస్తుంది. రెండూ ఒకే కంపెనీవి! ఎంపికలో నమ్ముకోవలసింది నక్షత్రాల్నే, రంగుల్ని కాదు.

అదే సైడ్‌కార్‌లో ఇంకాస్త కిందికి వెళ్తే ‘ఎక్స్‌పోజర్2012’ అనే పేరుతో ఒక అంకె కనిపిస్తుంది. అది ఎడిటింగ్ చిట్టా. ఈ అంకె కంటికి తెలుస్తోంది కదా, ఇంకో సాఫ్ట్‌వేర్ ఎందుకు వాడుకోలేదు అనిపించడం సహజం. ఆ పేరులోని 2012లోనే జవాబుంది. అడోబీ తన సొంత లెక్కల్నే 2003, 2010, 2012 అంటూ వెర్షన్లుగా మార్చుకుంటూ వచ్చింది. ఒకే అంకె ఒక్కో వెర్షన్‌లో ఒక్కో ఫలితమిస్తుంది కాబట్టే పేరులో వెర్షన్ ఉంచాల్సి వచ్చింది. ఒకే ఇంటి లెక్కలే ఇలా ఉంటే, పొరుగింటి ఇంజన్‌లో ‘ఎక్స్‌పోజర్ అర స్టాపు’ అంటే అదే వెలుగు వస్తుందని ఎలా అనుకుంటాం? కెమెరా రంగుల్ని అర్థం చేసుకునే ప్రొఫైలు వేరు, వెలుగునీడల్ని కుదించే వంపు వేరు, షార్ప్‌నెస్ లెక్క వేరు. డార్క్‌టేబుల్ లైట్‌రూమ్ సైడ్‌కార్‌నుంచి రేటింగు, కీవర్డులు తీసుకుని, సవరణల్లో కొన్నింటిని మాత్రం ఉజ్జాయింపుగా అనువదిస్తుంది. తన సొంత సవరణల్ని రాసేటప్పుడు ఎవరికీ చదవరాని సంకేతాల గొలుసుగా రాస్తుంది. అపర్చర్ మూతపడ్డ ఏడాదే అడోబీ తెచ్చిన దిగుమతి ప్లగిన్ కూడా క్యాప్షన్లను, కీవర్డులను, రేటింగులను తెచ్చింది గానీ రంగులు దిద్దిన పనిని తేలేకపోయింది. ఎవరో దుర్మార్గంగా అడ్డుకున్నది కాదిది, పని స్వభావమే అంత. ఎడిటింగ్ వంటకం ఊరు మారదని ముందే ఒప్పుకుని, పూర్తయిన ప్రతి మంచి ఫొటోకు 16 బిట్ల టిఫ్‌నో, పూర్తి సైజు జేపెగ్‌నో పక్కన దాచుకోవాలి. ఈ విషయంలో ప్రమాణాల కోసం ఎదురుచూడటం వృథా అని నా అభిప్రాయం.

వివరం సంగతి అలా కాదు. అది వలస పోగలదు. దాన్ని పోనివ్వని అలవాటే చిక్కు. లైట్‌రూమ్ క్లాసిక్‌లో మనం రాసే ప్రతి మాటా ముందు క్యాటలాగ్ అనే డేటాబేస్‌లో పడుతుంది. అది ఎస్‌క్యూలైట్ ఫైలు. దానినుంచి ఎక్స్‌ఎంపీకి తనంతట తానే రాసే ఏర్పాటు ఉంది, కానీ మామూలుగా ఆపేసి ఉంటుంది. ఆ ఒక్క గడిలో టిక్కు పెట్టనివారి కష్టమంతా ఒక్క ఫైల్లో ఉన్నట్టే. ఒకప్పుడు ఊళ్లో భూములన్నీ కళ్లెదుటే ఉన్నా, ఏది ఎవరిదో కరణంగారింటి దస్త్రం విప్పితేగానీ తెలిసేది కాదు. క్యాటలాగ్ చేతిలో మన ఫొటోల పరిస్థితి అదే. టిక్కు పెట్టినా అన్నీ బయటికి రావు. కలెక్షన్లు, వర్చువల్ కాపీలు డేటాబేస్‌లోనే ఉండిపోతాయి. పిక్, రిజెక్ట్ జెండాలూ ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయాయి. పికాసా కథలో కూడా ఈ గీత స్పష్టంగా కనిపిస్తుంది. జేపెగ్‌ల కింద రాసిన క్యాప్షన్లు అది ఫైలు లోపలే ఐపీటీసీ గడిలో రాసింది. అవి ఈరోజుకీ చదవొచ్చు. ఆల్బములు, ముఖాల పేర్లు ఎక్కువగా తన సొంత ఫైళ్లలో పెట్టుకుంది. వాటిలో చాలావరకు ప్రోగ్రామ్‌తోనే పోయాయి. ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే మూసివేత. బతికిందేదో పోయిందేదో నిర్ణయించింది అవి రాసి ఉన్న చోటే.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది: ఒకే మంచి ప్రోగ్రామ్‌ను పట్టుకుని ఉంటే ఈ తలనొప్పి అంతా దేనికి? ఆ మాట చెప్పేవారు ప్రోగ్రామ్‌ను ఎంచుకోవడం తమ చేతిలో ఉందనుకుంటారు. అపర్చర్‌ను పట్టుకుని ఉన్నవారూ అలాగే అనుకున్నారు. 2017 అక్టోబరులో అడోబీ లైట్‌రూమ్‌ను పూర్తిగా నెలవారీ చందా పద్ధతికి మార్చినప్పుడు ఎందరో వేరే దారి వెతుక్కున్నారు. ప్రోగ్రామ్ మారకపోయినా ఫొటో చేతులు మారుతూనే ఉంటుంది: పత్రిక డెస్కుకు, కరిజ్మా ఆల్బం డిజైనరుకు, ఆర్కైవుకు. వాళ్లు మన క్యాటలాగ్‌ను తెరవరు.

రెండో అభ్యంతరం గట్టిది: అన్నిటినీ డీఎన్‌జీగా మార్చేస్తే సైడ్‌కార్ల గొడవే ఉండదు కదా? 2004లో అడోబీ తెచ్చిన డీఎన్‌జీ నిర్మాణం బహిరంగం. ఎక్స్‌ఎంపీని లోపలే రాయొచ్చు, బొమ్మ డేటా చెడిందో లేదో సరిచూసే ఏర్పాటూ ఉంది. లైకా, పెంటాక్స్ కెమెరాలు నేరుగా డీఎన్‌జీ ఇస్తాయి. 2020లో వచ్చిన ఆపిల్ ప్రోరా కూడా డీఎన్‌జీయే, ఆండ్రాయిడ్ ఫోన్లు రా తీసేదీ ఇందులోనే. ఇవన్నీ దానివైపు బలాలే. కానీ ఒక్క కీవర్డ్ మార్చినా ముప్పై నలభై మెగాబైట్ల ఫైలు మారినట్టే, బ్యాకప్ మొత్తం మళ్లీ కాపీ చేస్తుంది. సైడ్‌కార్ అయితే కొన్ని కిలోబైట్లే. మార్చిన డీఎన్‌జీని కెమెరా కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ సాధారణంగా తెరవదు. పైగా అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఎడిటింగ్ చిట్టా మారని సమస్యనూ రంగు లేబుళ్ల తగువునూ డీఎన్‌జీ తాకదు. అది పెట్టెను మారుస్తుంది, లోపలి భాషను కాదు. సాఫ్ట్‌వేర్ మద్దతు తగ్గిపోతున్న పాత కెమెరాల ఫైళ్లకు మంచి మందు. అందరికీ అవసరం లేదు.

సైడ్‌కార్లు తప్పిపోతాయన్న ఫిర్యాదు నిజమే. ఎక్స్‌ప్లోరర్‌లో రా ఫైళ్లను మాత్రం ఎంచి వేరేచోటికి తరలిస్తే చీటీలు పాత ఫోల్డరులోనే మిగులుతాయి. ఫోల్డరును మొత్తంగా కదిలించడం, లేదా ప్రోగ్రామ్ లోపలినుంచే తరలించడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది. అలా విడిగా తరలించిన ఫైలును క్యాటలాగ్ కూడా పోగొట్టుకుంటుంది. సైడ్‌కార్ పాత ఫోల్డరులో కనీసం వెతికితే దొరుకుతుంది.

ఈ మధ్య ఎక్కువ వినిపించే మాట ఇంకొకటి: కృత్రిమ మేధ బొమ్మ చూసి గుడి, సముద్రం, పెళ్లి అని తానే గుర్తుపడుతుంటే కీవర్డులు కొట్టుకోవడం చాదస్తం కాదా? గుర్తుపట్టే శక్తిని తక్కువ చేయనక్కర్లేదు. వేల ఫొటోల్లో ‘ఎర్రచీర’ను క్షణంలో తీసిస్తుంది. కానీ బొమ్మలో లేని విషయాన్ని బొమ్మనుంచి తీయలేదు. ఆ గుడి మెట్లమీద కూర్చున్న పెద్దావిడ ఎవరు, ఆ ఊరేగింపు ఏ ఏడాదిది, ఆ నేత మగ్గం పోచంపల్లిదా చీరాలదా అన్నవి మనిషి చెప్తేనే తెలుస్తాయి. ఇంకా చూస్తే, అది గుర్తుపట్టిందంతా ఆ కంపెనీ సర్వర్లోనో దాని యాప్‌లోనో ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌నుంచి మొత్తం దించుకుంటే, అక్కడ రాసుకున్న వివరాలు ఫొటో పక్కన విడి జేసన్ ఫైళ్లుగా వస్తాయి. వాటిని మళ్లీ ఎక్స్‌ఎంపీలోకి ఎక్కించే పని మనదే. అంటే ఈ కొత్త సౌకర్యం పాత ప్రశ్నను తీసేయలేదు, ఇంకో గుమ్మానికి మార్చింది.

అభ్యంతరాలన్నిటిలో నేను ఎక్కువ బరువిచ్చేది గోప్యతకు. ఇంటి జీపీఎస్ చిరునామా, పిల్లల పేర్లు ఫైల్లోనే ఉంటే, ఆ ఫైలు ఎవరి చేతికైనా పోవచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మెటాడేటా రాలిపోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నదంతా వెళ్తుంది. ఈ తేడా చాలామందికి తెలియదు. దీనికి పరిష్కారం వివరం రాయకపోవడం కాదు. సైడ్‌కార్ పద్ధతిలో వివరమంతా మన దగ్గరి ప్రతిలోనే ఉంటుంది. బయటికిచ్చే జేపెగ్‌ను ఎగుమతి చేసేటప్పుడు స్థలమూ మనుషుల పేర్లూ తీసేసే ఎంపిక దాదాపు అన్ని ప్రోగ్రామ్‌లలో ఉంది. హక్కుదారు పేరు మాత్రం ఉంచాలి.

ఇన్ని పనులు చేసే తీరిక ఏ స్టూడియోకు ఉంటుందని అడగొచ్చు. పెళ్లికి రెండు మూడు కెమెరాలు, వేలల్లో ఫైళ్లు, వారంలో ఆల్బం అడుగుతారు. నిజానికి ఎక్కువ సమయం తినేది వివరం రాయడం కాదు, రాయకపోవడం. కెమెరాల గడియారాలు పది నిమిషాలు తేడాగా ఉన్నాయనుకోండి, సమయం ప్రకారం పేర్చగానే ఒక కెమెరాలో తలంబ్రాలు పడ్డాక ఇంకో కెమెరాలో జీలకర్ర-బెల్లం పెడుతుంటారు. దాన్ని చేత్తో సర్దితే ఒక పూట పోతుంది. ఫిల్ హార్వే 2003నుంచి ఉచితంగా ఇస్తున్న ఎగ్జిఫ్‌టూల్ ఒక కెమెరా ఫైళ్లన్నిటి సమయాన్ని ఒక్క ఆదేశంతో జరపగలదు. పెళ్లి హైదరాబాద్‌లో, రిసెప్షన్ డాలస్‌లో జరిగితే, అక్కడి గడియారం వేసవిలో పదిన్నర గంటలు, శీతాకాలంలో పదకొండున్నర గంటలు వెనక. ఏ టైమ్‌జోన్ సమయమో రాసే గడి ఎక్సిఫ్‌కు 2016లోగానీ రాలేదు, అది నింపని కెమెరాలు ఇప్పటికీ ఉన్నాయి. పని మొదలయ్యే ముందు కెమెరాలన్నిటితో ఒక సెల్‌ఫోన్ గడియారాన్ని ఫొటో తీసి పెట్టుకోవడం అన్నిటికంటే చౌకైన మెటాడేటా. కార్డునుంచి కాపీ చేసేటప్పుడే తేదీ, ఊరు, కుటుంబం పేరు, హక్కుదారు పేరు ఒక టెంప్లేటుగా అన్నిటికీ పడేలా చేస్తే విడిగా పెట్టే సమయమేమీ ఉండదు.

ప్రోగ్రామ్‌లు ఎన్ని వాడినా, వివరం రాసే హక్కు ఒక్కదానికే ఇవ్వాలి, మిగతావి చదవాలి. క్యాప్చర్ వన్‌లో సైడ్‌కార్‌ను చదవడం వరకే పరిమితం చేసే సెట్టింగు ఇందుకే ఉంది. రెండు ప్రోగ్రామ్‌లూ రాయడానికి తెగబడితే చివర రాసినదే నిలుస్తుంది, ముందుదేమైందో ఎవరూ చెప్పరు. ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి పది ఫొటోలు చాలు: తెలుగులో క్యాప్షన్ రాసి, నక్షత్రాలిచ్చి, నాలుగు కీవర్డులు పెట్టి, ఆ ఫోల్డరును వేరే కంప్యూటర్లో డిజికామ్ వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో తెరవండి. అక్కడ కనిపించిందే మీది. లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవారైతే క్యాటలాగ్ సెట్టింగ్స్‌లో మెటాడేటా పేజీకి వెళ్లి, మార్పుల్ని ఎక్స్‌ఎంపీలోకి తనంతట తానే రాసే గడిలో టిక్కు పెట్టండి. పాత ఫొటోల కోసం అన్నిటినీ ఎంచుకుని కంట్రోల్, ఎస్ నొక్కండి. క్యాటలాగ్ పెద్దదైతే పూర్తి కావడానికి కొన్ని గంటలు పట్టొచ్చు, రాత్రి పెట్టి పడుకోండి.